ఆరు జానల బల్ల

ఫిబ్రవరి 11

ఉడతా,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నువ్వడిగింది ఆరుబయట వేసుకునే కాఫీ బల్ల గురించి. నేను నలభై నాలుగేళ్ళు కుర్చీలు చేసినవాణ్ణి. నన్ను బల్ల గురించి అడగడం, చెప్పులు కుట్టేవాణ్ణి పట్టుకుని టోపీ ఎంత ఉండాలని అడిగినట్టుంది. కానీ నిన్న పోస్టాఫీసుకి వేరే పని మీద వెళ్ళి, చేతులు ఊరుకోక ఒక కవరు కొన్నాను. కొన్న కవరు బల్ల మీద నుంచి నన్నే చూస్తోంది. సరే రాస్తున్నాను.

ఫోన్ చేస్తానన్నావు, వద్దు. చెవిలో మిషను ఫోను దగ్గరికి వెళ్తే కుక్కర్‌లా ఈల వేస్తుంది. మొన్న ఎవరో పావుగంట మాట్లాడారు. నేను పావుగంటా "సరే సరే" అన్నాను. ఏమేం ఒప్పుకున్నానో ఇంకా బయటపడలేదు.

ఇక బల్ల సంగతి. గాజుది కొనకు. ఆరుబయట గాజు బల్ల అంటే రోజూ తుడవడానికి ఒక మనిషిని పెట్టుకున్నట్టే, ఆ మనిషివి నువ్వే. ఇనుపది ఎండలో పెడితే మోచేయి కాలుతుంది, వానలో పెడితే తుప్పు పడుతుంది. చెక్కదే తీసుకో. పైన ఒకే పలక ఉండకూడదు. సన్న పలకలు వరసగా పేర్చి, మధ్యలో చిటికెన వేలు పట్టేంత సందు వదిలినది చూడు. వాన నీళ్ళు ఆ సందులోంచి దిగిపోతాయి. బల్ల ఏదైనా, పడిన నీళ్ళు ఎటు పోతాయో ముందు చూడాలి. మనుషుల విషయంలోనూ అంతే అని మా మేస్త్రీ అనేవాడు. ఆయన ఉద్దేశం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ అనేటప్పుడు బాగుండేది.

ఎవరు కూర్చుంటారు, ఎంతమంది, ఎండ ఎటు నుంచి వస్తుంది, ఇవి రాయి. కొలతలు జానల్లో రాయి. నీ ఏడో ఏట నేను కోసి ఇచ్చిన జాన కర్ర ఉందిగా. టేపులు పన్నెండు పారేసుకున్నాక నా జాన కొలిచి ఒక కర్ర కోసుకున్నాను, నీకూ ఒకటి ఇచ్చాను. దానితో మా షెడ్డులో పిల్లిని కూడా కొలిచావు.

అమ్మ ఎలా ఉందో రాయి. నేనడిగానని చెప్పనక్కర్లేదు.

మీ చెవిటి మామయ్య

ఫిబ్రవరి 20

మామయ్యా,

కవరు కొన్నావు కాబట్టి రాశావన్నమాట. ఈసారి పది కవర్లు నేనే కొని పంపిస్తాను.

మా పళ్ళ లాబ్‌లో పని ఎక్కువగా ఉంది. ఒక పెద్దాయన కట్టుడు పళ్ళ సెట్టు మూడోసారి వెనక్కి పంపాడు. నొప్పి లేదు, వదులు లేదు. ఏమిటండీ అంటే, "నవ్వితే మా తోడల్లుడు నవ్వినట్టుంది" అన్నాడు. నాలుగోసారి చేస్తున్నాను. తోడల్లుడి ఫోటో ఒకటి తెచ్చి ఇమ్మన్నాను.

బల్ల ఎందుకో నీకు సూటిగా చెప్తాను. మా ఇంటి వెనక టైల్స్ వేసిన చోటు నీకు తెలుసు. ఇల్లు అమ్మినాయన దాన్ని పాటియో అన్నాడు, అమ్మ గచ్చు అంటుంది. పోయినేడు మార్చిలో అమ్మ అక్కడే నీ కుర్చీలోంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు కర్ర పట్టుకుని ముందు గది నుంచి వంటింటి దాకా చకచకా నడుస్తుంది. వంటింటి గడప దాటి గచ్చు మీదికి మాత్రం రాదు. ఏడాది అయింది. ఎండ తగలాలి, రోజూ కాసేపు బయట కూర్చోవాలి అని డాక్టరు మొత్తుకుంటున్నాడు. నేను బతిమాలితే, "అక్కడ కప్పు పెట్టుకోవడానికి చోటేదీ, చేత్తో పట్టుకునే కూర్చోవాలా?" అంది. సాకని నాకు తెలుసు. ఆ సాకేదో తీసేద్దామని బల్ల.

ఇంకో మాట. నువ్వూ ఏడాది నుంచి రాలేదు. ఆసుపత్రికి వచ్చావు, అమ్మ మత్తులో ఉండగా చూసి వెళ్ళిపోయావు. అమ్మ నీ గురించి అడగదు. నువ్వు అడుగుతావు కానీ అడిగానని చెప్పొద్దంటావు. మధ్యలో నేనేమన్నా పోస్టుమాన్‌నా?

నీ ఉడత

మార్చి 1

ఉడతా,

తోడల్లుడి ఫోటో అడిగావు చూడు, అది పనితనం.

నువ్వు సూటిగా రాశావు కాబట్టి నేనూ సూటిగానే రాస్తాను. ఆ కుర్చీ నా చేతిది. అక్క డెబ్భయ్యో పుట్టినరోజుకి చేసింది. వెనక కాలి కీలు దగ్గర జిగురు ఆరడానికి ఇంకో రోజు ఆగాల్సింది, ఆగలేదు. పుట్టినరోజు దాటిపోతుందని తొందరపడ్డాను. ఆ కీలే వదిలేసి ఉంటుంది. నేను చేసిన కుర్చీలోంచి మా అక్క పడింది. ఆ తర్వాత కుర్చీ చెయ్యలేదు. మొన్న పక్క వీధి లెక్కల మాస్టారు వచ్చి ఒకటి చేసిపెట్టమన్నాడు. మానేశానన్నాను. "మానేస్తే ఎలాగండీ, నా నడుం మానలేదుగా" అన్నాడు. నవ్వాను గానీ ఒప్పుకోలేదు. ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?

సరే, బల్ల. కొనడం సగం పని, ఎక్కడ పెట్టాలన్నది మిగతా సగం. గడప నుంచి అయిదు జానల దూరంలో పెట్టు. కుర్చీకీ బల్లకీ మధ్య మోకాళ్ళు తిరిగేంత చోటు ఉండాలి. ఒక ప్లీడరు గారికి నేను వాలుకుర్చీ చేసి ఇస్తే ఆయన దాని ముందు బల్లని ఎంత దగ్గరగా జరిపించాడంటే, లేవాలంటే వాళ్ళావిడ వచ్చి బల్ల లాగాలి. ఆవిడకి కోపం వచ్చిన రోజున కోర్టుకి ఆలస్యమయ్యేది. అలా పెట్టకు. అక్కకి కుడి చెయ్యి వైపు కప్పు అందాలి. బల్ల ఎత్తు కూర్చునే చోటు కంటే కాస్త తక్కువే ఉండాలి. ఎక్కువైతే కాఫీ బల్ల కాదు, దుకాణం బల్ల అవుతుంది.

ఎంత పొడవు పడుతుందో కొలిచి రాయి.

మామయ్య

మార్చి 10

మామయ్యా,

నిన్న ఆదివారం గచ్చంతా కొలిచాను. బల్ల పొడవు ఆరు జానలు, వెడల్పు మూడు, ఎత్తు రెండు. అంతకంటే పెద్దదైతే వంటింటి తలుపుకి అడ్డం. ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. నువ్వు చెప్పినట్టు గడప నుంచి అయిదు జానలు లెక్కపెట్టి, బల్ల వచ్చే చోట సుద్దముక్కతో గీశాను. మా ఆయన వచ్చి తల అటూ ఇటూ వంచి చూసి "పడుతుంది" అన్నారు. ఇరవై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఏ సందు చూపించినా "పడుతుంది" అనే అంటారు. మా గేటుకి రెండు వైపులా ఉన్న గీతలు చూస్తే తెలుస్తుంది.

అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, "కోర్టు గీశారు బాగానే ఉంది, ఆడేదెవరు?" అంది. బల్ల కొనడానికి నువ్వు సలహాలిస్తున్నావని చెప్పాను. కిటికీ చువ్వలు కొంగుతో తుడిచింది. తర్వాత, "కాళ్ళు నాలుగూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుని తెచ్చుకో" అంది. చాలా రోజులకి జోకు వేసింది మామయ్యా! నాకు సంతోషం వేసింది.

నీ కుర్చీ గురించి దిగులు పడకు. అది కంటికి కనపడకుండా అమ్మ ఆ వారమే అటక ఎక్కించేసింది. పాత దుప్పటి చుట్టించి, ఎవరూ ముట్టుకోవద్దంది.

నీ ఉడత

మార్చి 18

అమ్మాయ్,

అటక ఎక్కించిందన్నమాట. మంచి పని చేసింది.

కాళ్ళు లెక్కపెట్టుకోమంది. అదీ సరైన మాటే. లెక్కపెట్టాల్సినవాణ్ణి నేను.

దుకాణంలో ప్లాస్టిక్‌ది ఒకటి కొనుక్కో. నీళ్ళు పోసి కడుక్కోవచ్చు, విరిగితే అవతల పారేయొచ్చు. ప్లాస్టిక్‌ మీద ఎవరికీ కోపం రాదు. నువ్వు పంపిన కవర్లు అందాయి. వాటిలో ఒకటి దీంతో అయిపోయింది.

మామయ్య

ఏప్రిల్ 2

మామయ్యా,

నీ ఉత్తరం ఆరు లైన్లుంది. నువ్వు ఆరు లైన్లు రాశావంటే ఒంట్లో బాగాలేదనుకుని భయపడ్డాను. రెండోసారి చదివితే అర్థమైంది, అలిగావు.

ప్లాస్టిక్ బల్ల కొనలేదు. సుద్ద గీతలు చెరిగిపోతే మళ్ళీ గీశాను.

నువ్వు రాసింది అమ్మకి చదివి వినిపించాను. తప్పేమో, కానీ వినిపించాను. విని లేచి వెళ్ళి, తోమి బోర్లించిన గిన్నెలే మళ్ళీ తోమింది. పది నిమిషాల తర్వాత, "వాడికి నా మీద కోపమా?" అంది. ఆయనకి నీ మీద ఎందుకు కోపం, నీకే ఆయన మీద కోపం కదా అన్నాను. "నాకెందుకు కోపం?" అంది. మరి కుర్చీ అటక మీద ఎందుకుంది అన్నాను. "పళ్ళు చేసుకునేదానివి పళ్ళు చేసుకో" అని పడుకోవడానికి వెళ్ళిపోయింది. అప్పటికి సాయంత్రం నాలుగయింది.

మీ ఇద్దరి మధ్యా ఏదో ఉంది. అదేమిటో నాకు తెలియదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు లేని కోపాన్ని జాగ్రత్తగా మోస్తున్నారు. నువ్వు ఒక్కసారి రా.

నీ ఉడత

ఏప్రిల్ 21

ఉడతా,

రాలేను. కానీ నా బదులు ఒకటి పంపిస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు షెడ్డు తాళం తీశాను. తాళం తుప్పు పట్టి రాలేదు, పగలగొట్టాను. కుర్చీ మానేశానన్నాను గానీ బల్ల మానేశానని ఎవరితోనూ అనలేదు. పైగా బల్ల మీద ఎవరూ కూర్చోరు. కూర్చోనిదే పడరు. ఈ లెక్క మీద ధైర్యం తెచ్చుకుని మొదలుపెట్టాను.

పాత తలుపు చెక్క ఒకటి ఉంది, అరవై ఏళ్ళు ఎండకీ వానకీ నిలబడింది. దాన్నే పలకలు కోశాను. నువ్వు రాసినట్టే ఆరు జానలు, మూడు, రెండు. వెంట్రుక వాసి తేడా రాకుండా చేశాను. జిగురు ఆరడానికి నాలుగు రోజులు ఆగాను. అయిదో రోజు కూడా ఆగాను. ఆరో రోజు ఆగుదామనుకుంటే లెక్కల మాస్టారు వచ్చి, "ఆరిందండీ, నేను వేలు పెట్టి చూశాను" అన్నాడు. బల్లకి నాలుగు కాళ్ళున్నాయని ఆయనే సాక్షి.

టైల్స్ లారీలో వస్తోంది. నేనే చేశానని అక్కకి చెప్పకు. దుకాణంలో కొన్నానని చెప్పు.

మామయ్య

ఏప్రిల్ 29

మామయ్యా,

బల్ల వచ్చింది. ఎలా రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను.

అంత అందమైన బల్ల నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. పలకల మీద చెయ్యి వేస్తే తియ్యాలనిపించదు. కానీ మామయ్యా, అది బల్ల కాదు, మంచం. లారీవాళ్ళు నలుగురు పక్క సందులోంచి మోసుకొచ్చి గచ్చు మీద దించి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక చూస్తే నా సుద్ద గీతలు ఎక్కడా కనపడలేదు, అన్నీ దాని కిందే ఉన్నాయి. వంటింటి తలుపు ఒక జాన తెరుచుకుని ఆగిపోతోంది. కుర్చీ వేసి కూర్చుంటే బల్ల మోకాళ్ళ కంటే ఎత్తుగా వస్తోంది. మా ఆయన సందు చుట్టూ తిరిగి వచ్చి, గచ్చు చూసి, ఇన్నేళ్ళలో మొదటిసారి "పట్టదు" అన్నారు.

తప్పు ఎక్కడ జరిగిందో రాత్రంతా ఆలోచించాను. నువ్విచ్చిన జాన కర్ర ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. నీకు చెప్పడానికి సిగ్గేసి, నా చేత్తోనే కొలిచాను. జాన అంటే జానే కదా అనుకున్నాను. నువ్వు నీ కర్రతో చేశావు. లాబ్‌లో వెంట్రుక వాసి తేడా వస్తే సెట్టు మొత్తం పారేస్తాను, ఇంట్లో మాత్రం ఇలా. నీ అయిదు జానల దూరం కూడా నా చేత్తోనే గీశాను. అంటే బల్ల నీ జానలో పెద్దదై, నా జానలో గడపకి దగ్గరైంది.

వడ్రంగిని పిలుద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. దుకాణంలో కొన్నానని చెప్పాను. తెరుచుకున్న ఆ జాన సందులోంచి చెయ్యి బయటికి పెట్టి, పలక అంచు తడిమి, "ఇది దుకాణంది కాదు, మా వాడిది" అంది. "వాడే వచ్చి కొయ్యాలి. ఇంకెవరైనా రంపం పెడితే ఊరుకోను. అప్పటిదాకా ఆ తలుపు అలాగే ఉండనీ" అంది.

అలాగే ఉంది. బట్టలు ఆరెయ్యాలంటే ఇంటి చుట్టూ తిరుగుతున్నాను. రా.

నీ ఉడత

మే 12

మామయ్యా,

క్షేమంగా చేరావా? నువ్వు ఉన్న రెండు రోజులూ నాకు సెలవు దొరక్కపోవడం నా ఖర్మ. పొద్దున్న వెళ్ళేటప్పుడు నువ్వు వరండాలో, అమ్మ వంటింట్లో. రెండో రోజు సాయంత్రం వచ్చేసరికి ఇద్దరూ గచ్చు మీద కాఫీ తాగుతున్నారు. నేను తలుపు దగ్గర చెప్పులు వదలడం మర్చిపోయి నిలబడిపోయాను. అదీ అమ్మ కూర్చుంది అటక మీది కుర్చీలో!

ఏం జరిగిందని అడిగితే అమ్మ, "ఏముంది, బల్ల కోశాడు" అంటోంది.

ఒకటే సందేహం. పూలకుండీలు అటు, చెట్టు నీడ అటు. బల్లనీ కుర్చీనీ నువ్వు ఎదురుగోడకి వీపు తిప్పి ఎందుకు పెట్టావు? అమ్మకి కనపడేది వంటింటి తలుపే. నేను తిప్పబోతే అమ్మ కర్ర అడ్డం పెట్టింది.

నీ ఉడత

మే 19

ఉడతా,

చెప్పనని అక్కకి మాటిచ్చాను. కానీ నోటితో చెప్పనన్నాను, రాయనని అనలేదు. ఈ తేడా ప్లీడరు గారి దగ్గర నేర్చుకున్నాను.

మొదటి రోజు పొడవు తగ్గించడంతోనే సరిపోయింది. అక్క కిటికీలోంచి చూస్తూనే ఉంది, ఒక్క మాట లేదు. నేనూ తల ఎత్తలేదు. రంపం చప్పుడు ఉండటం ఎంత మేలో ఆ రోజు తెలిసింది. రెండో రోజు కాళ్ళు కొయ్యడానికి బల్ల తిరగేశాను. రెండు కాళ్ళు అయ్యాయి. మూడో దాని మీద రంపం పెట్టేసరికి వెనక నుంచి ఏదో అంది. నాకు వినపడలేదు. మళ్ళీ అంది.

"ఒరేయ్, ఆ రోజు నేను కూర్చుని పడలేదురా. నిలబడి పడ్డాను."

రంపం ఆపాను. అక్క గడప మీద నిలబడి చెప్పుకొచ్చింది. ఎదురుగోడ అవతలి ఇంట్లోకి కొత్తగా వచ్చిన మొగుడూ పెళ్ళాలు ఆ రోజు పోట్లాడుకుంటున్నారట. మాటలు వినపడుతున్నాయి, మనుషులు కనపడటం లేదు. కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని ఎక్కింది. చాలలేదు. కుర్చీ చేతి మీద ఒక కాలు పెట్టింది. డెబ్భై మూడేళ్ళ మనిషి! తల గోడ పైకి వచ్చింది, వాళ్ళిద్దరూ పోట్లాట ఆపి ఈవిడ్ని చూశారు, ఈవిడ వాళ్ళని చూసింది, కుర్చీ ఒరిగిపోయింది.

"ఎవరికి చెప్పను చెప్పు? కూర్చుని పడ్డానన్నాను. అల్లుడు కుర్చీని విరగ్గొట్టి పారేస్తానన్నాడు. దాని తప్పేముంది పాపం, అందుకని అటక ఎక్కించమన్నాను."

"మరి నా సంగతో?" అన్నాను.

"నీకు తెలిసిపోయిందేమో, నవ్వుకుంటూ కూర్చున్నావేమో, అందుకే రావడం లేదనుకున్నాను."

ఏడాదంతా నేను ఆ జిగురుని తిట్టుకున్నాను ఉడతా. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. ఇంకోసారి చెప్పించుకున్నాను. మూడోసారి చెవి కోసం కాదు.

"ఇంతకీ దేని గురించి పోట్లాట?" అన్నాను.

"అదే తెలియలేదురా, పడిపోయానుగా."

అక్క గచ్చు మీదికి రానిది భయంతో కాదు. ఆ గోడవైపు మొహం పెట్టలేక. అందుకే బల్లని అలా తిప్పాను. ఎండ వీపుకి తగిలినా ఎండే. డాక్టరుకి అభ్యంతరం ఉంటే నాకు రాయమను.

అటక మీది కుర్చీ అల్లుడుగారు దించి ఇచ్చాక, దుప్పటి విప్పి వెనక కాలు చూశాను. కీలు కదల్లేదు. సుత్తితో కొట్టి చూశాను, అప్పుడూ కదల్లేదు. అక్క వచ్చి కూర్చుంది. నేను నాలుగో కాలు కోస్తుండగా గోడ మీంచి ఒక తల లేచింది, ఆ ఇంటావిడ. "ఏమండీ, బాగున్నారా, ఏడాది నుంచీ కనపడటం లేదే?" అంది. అక్క వెనక్కి తిరక్కుండానే "బాగున్నానమ్మా" అంది. ఆవిడ దేని మీద నిలబడిందో మేం అడగలేదు.

కోసిన ముక్కలతో అక్క కాళ్ళ కింద పెట్టుకోవడానికి చిన్న పీట చేశాను. భయపడకు, దాని మీద నిలబడినా గోడ అందదు. కొలిచే చేశాను. ఈ కవర్లో ఒక దారం ముక్క పెడుతున్నాను. అది ఒక జాన, నాది. లాబ్‌లో నీ పనిముట్ల డబ్బాలో దాచుకో, పోగొట్టుకుంటే చెప్పు, సిగ్గుపడకు.

లెక్కల మాస్టారు మొన్న మళ్ళీ వచ్చాడు. నడుము కొలిచి పంపించాను. నిన్న ఆయన కుర్చీకి వెనక కాళ్ళు రెండూ కోశాను. ఇవాళ వాన పడుతోంది, జిగురు పెట్టలేదు.

మీ మామయ్య